అదే ప్రశ్న, మూడో డాక్టరు

"అదే మాట ఎన్ని తూర్లు చెప్పల్ల సామీ? రాత్రి ఒకాయన అడిగె, తెల్లారి ఒకమ్మ అడిగె, ఇప్పుడు నువ్వా?"

తిరుపతిలో మెడిసిన్ యూనిట్ నడిపినన్నాళ్లూ రౌండ్సులో నేను తరచూ విన్న దెప్పు ఇది. ముందు అడిగిన ఇద్దరూ పీజీలు. ఎంబీబీఎస్ ముగించి, నీట్ పీజీ రాసి, మూడేళ్ల ఎండీ జనరల్ మెడిసిన్‌లో చేరినవాళ్లు. డాక్టర్లే, ఇంకా విద్యార్థులు కూడా. రాత్రి క్యాజువాల్టీలో మిమ్మల్ని మొదట చూసేదీ, కేస్ షీట్ రాసేదీ వాళ్లే. పొద్దున ఆ షీటు మీద మేం వేసే ప్రశ్నలకు నిలబడాల్సిందీ వాళ్లే. ఒకరు రాసింది ఇంకొకరు నమ్మేయకుండా మళ్లీ అడిగి చూసుకోవడమే ఈ చదువులో సగం.

మన చిత్తూరు, తిరుపతి వైపు వైద్య విద్య 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీతో మొదలైంది. దాని పీజీలకు రుయా ఆసుపత్రే బడి. టీటీడీ నెలకొల్పిన స్విమ్స్ 1995లో విశ్వవిద్యాలయమైంది. కుప్పంలో పీఈఎస్, చిత్తూరులో అపోలో కాలేజీలు తర్వాత వచ్చాయి.

మెడిసిన్ పీజీ వార్డు, ఓపీ, ఐసీయూలతో పాటు గుండె, కిడ్నీ, నరాల విభాగాల్లోనూ కొన్నాళ్లు పనిచేస్తాడు. చూసిన కేసులూ చేసిన పనులూ లాగ్‌బుక్‌లో ఎక్కించి సంతకం తీసుకోవాలి. మధ్యలో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం ఇప్పుడు తప్పనిసరి. అడిగిన స్కాన్ వెంటనే దొరకని చోట చేత్తో పట్టి చూడటం, స్టెతస్కోప్ పెట్టి వినడం ఎంత ముఖ్యమో అక్కడ తెలుస్తుంది.

ఇక థీసిస్. ఇది లేనిదే డిగ్రీ లేదు. పీజీ ఒక ప్రశ్న ఎంచుకుని, ఎలా వెతుకుతాడో రాసి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతే రోగుల వివరాలు సేకరించాలి. మొక్కుబడిగా రాసినవీ ఉంటాయి, కాదనను. మంచి ప్రశ్న మాత్రం వార్డులోనే పుడుతుంది.

ఒక వానాకాలం చివర పలమనేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. వారం దాటిన జ్వరం, ఆయాసం. డెంగీ లేదు, మలేరియా లేదు. మగ డాక్టర్లు అడిగితే ఒంటిమీద ఏ పుండూ లేదంది. మా లేడీ పీజీ తెర లాగి, నెమ్మదిగా మాట్లాడుతూ చూసింది. రొమ్ము కింద సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు. నొప్పి లేదు గనక ఆమె పట్టించుకోలేదు. అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ పీజీ థీసిస్ ప్రశ్న అక్కడే దొరికింది: ఇలాంటి జ్వరాల్లో పక్కు ఎందరికి ఉంటుంది, ఎక్కడ దాక్కుంటుంది? తర్వాతి బ్యాచ్ చంక, గజ్జ, నడుము మడత చూడకుండా షీటు మూయలేదు.

ఇదే జబ్బు మీద వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో పలు భారతీయ ఆసుపత్రులు కలిసి, దాదాపు 800 మంది రోగులతో అధ్యయనం చేశాయి. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చేసింది. జబ్బు ముదిరిన వాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరానికి కలిపి ఇస్తే, ఒక్కటే ఇచ్చినప్పటి కంటే అవయవాలు త్వరగా కోలుకున్నాయి. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు. పరిశోధన అంటే అది. చిత్తూరు నుంచి బస్సెక్కి వెళ్లేంత దూరంలో జరిగిన పని ఇప్పుడు దేశాలు దాటి డాక్టర్లకు దారి చూపుతోంది.

కాబట్టి పీజీ మీ దగ్గరికి కాగితం పట్టుకొచ్చి "అధ్యయనంలో చేరతారా?" అంటే బెదరొద్దు, చదవకుండా వేలిముద్రా వేయొద్దు. అదనంగా రక్తం తీస్తారా, నా పేరు బయటికి వస్తుందా, మధ్యలో మానుకోవచ్చా అని అడగండి. తెలుగులో, అర్థమయ్యేలా చెప్పడం వాళ్ల బాధ్యత. అధ్యయనం కోసమే చేసే పరీక్షకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. వద్దంటే మంచం, మందు, మర్యాద ఏదీ తగ్గకూడదు.