పాలపిట్ట: పండుగకును పైరుకును

విజయదశమినాడు జమ్మిపూజ ముగించి పాలపిట్టను చూచినవారికి ఆ యేడు జయము కలుగునని మన గ్రామములలో నమ్మిక గలదు. దాని యీకలను తరిగి గడ్డిలో కలిపిపెట్టిన ఆవు హెచ్చుగా పాలిచ్చుననియు, అందువలననే దానికి ఆ పేరు కలిగెననియు చెప్పుదురు. పాలు హెచ్చుట మేతవలనగాని యీకలవలన గాదు.

అయినను ఈ పక్షి రైతునకు శుభకరమనుట నిజమే. ఇది తీగలమీదను, ఎండుకొమ్మలమీదను కదలక కూర్చుండి, నేలపై మిడుతగాని కీచురాయిగాని పెంకుపురుగుగాని కనబడినతోడనే దిగి పట్టును. పసులపోలిగాడు ఎగురుచున్న రెక్కలపురుగును సయితము పట్టును. వందలకొలది గ్రుడ్లు పెట్టగల తల్లిపురుగు చచ్చుట పైరునకెంత మేలో యోచింపుడు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగళ్లలో దసరానాటికి ప్రత్తి పూతకు వచ్చును. కాయతొలుచు పురుగుల భయమును అప్పుడే. 1987-88లో శనగపచ్చ పురుగు మందులకు లొంగక ఈ ప్రాంతపు ప్రత్తిరైతులను ఋణములపాలు చేసెను. పక్షులొక్కటియే పైరును కాపాడజాలవు. కాని వాని సాయమునకు ఖర్చులేదు.

కావున రైతులు చేయవలసిన పనులివి:

1. ప్రత్తి, మిరప చేలలో ఎకరమునకు 10 చోట్ల, పైరుకంటె ఎత్తుగా, అడ్డకఱ్ఱ కట్టిన గుంజలు నాటవలెను.
2. గట్టున తొఱ్ఱగల తాటిమోడును నరకరాదు; పాలపిట్ట గూడు అట్టిచోటనే.
3. దర్శనమునకై పంజరమున తెచ్చిన పిట్టకు రూకలీయరాదు. దానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము.

పండుగనాడు చేనికి పోయి, నీలిరెక్కలు విప్పి ఎగురు పిట్టను చూచుటయే ఉత్తమ దర్శనము.