నీటి అడుగున తొడుగు జాకెట్టు

జాకెట్టు అనగానే మన యిండ్లలో స్త్రీలకు స్ఫురించునది రవిక. దానిని కుట్టించుకొనవలసి వచ్చినప్పుడు ఎవ్వరును సోదరుని చొక్కా కొలతలు దర్జీకి చెప్పరు. చక్కగా కుదిరిన పాత రవికను ఆదిగా ఇచ్చి, భుజము దగ్గర ఇంత వదులు, చంక దగ్గర ఇంత బిగువు అని మరిమరి చెప్పి పంపుదురు. కాని అదే స్త్రీ సముద్రగర్భమును చూచు కుతూహలముతో స్కూబా డైవింగునకు వెళ్ళినప్పుడు, అక్కడ ఆమె కిచ్చు జాకెట్టు తరచుగా పురుషుని కొలతతో తయారైనదే. అది గడ్డమునకు తగులును, ఱొమ్మును నొక్కును, నిండుగా ఊపిరి పీల్చనీయదు. ‘ఈ విద్య నాకు రాదు కాబోలు’ నని ఆమె వెనుదిరుగును. లోపము ఆమెయందు కాదు, జాకెట్టునందే కలదని చెప్పువారు అరుదు. ఆ జాకెట్టు చేయు పని ఏమి, స్త్రీలు దానిని ఎట్లు ఎన్నుకొనవలెను అను విషయమును ఇప్పుడు విచారింతము.

నీటిలో మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగించునో, ఆ నీటి బరువునకు సమానమైన బలము దానిని పైకి నెట్టునని ఆర్కిమిడీసు సూత్రము. ఆ బలము మన బరువుకంటె ఎక్కువైనచో తేలుదుము, తక్కువైనచో మునుగుదుము, రెండును సమానమైనచో, ఉన్నచోటనే నిలుతుము. డైవరు కోరునది ఈ మూడవ స్థితియే. కాని అది దానంతట నిలుచునది కాదు. సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకు సుమారు ఒక వాతావరణ పీడనము అదనముగా చేరును. నీటిపైన 6 లీటర్ల చోటు ఆక్రమించు గాలి 10 మీటర్ల లోతున 3 లీటర్లకును, 20 మీటర్ల లోతున 2 లీటర్లకును కుంచించుకొనిపోవును. చలి తగులకుండుటకై ధరించు నియోప్రీను దుస్తులలోని సన్నని బుడగలును అట్లే నొక్కుకొనిపోవును. కావున దిగినకొలది మనిషి బరువెక్కుచున్నట్లుండును. మరియొకవైపున, గాలిని పీల్చినకొలది సిలిండరు తేలిక యగును. సాధారణముగా వాడు 11 లీటర్ల అల్యూమినియము సిలిండరులో నింపిన గాలియే సుమారు రెండున్నర కిలోల బరువుండును.

ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దుటకే జాకెట్టు. దానిలో గాలి చొరబడని సంచి యుండును. ఎడమ భుజము మీదుగా వచ్చు గొట్టపు కొనయందు రెండు మీటలుండును. ఒకటి నొక్కినచో సిలిండరులోని గాలి సంచిలోనికి వచ్చును. రెండవది నొక్కినచో సంచిలోని గాలి వెలికి పోవును. సిలిండరును వీపున మోయునదియు ఈ జాకెట్టే.

1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనువారు నీటి అడుగున శ్వాసించుటకు తగిన పరికరమును రూపొందించిరి. ఆ తొలినాళ్ళలో జాకెట్టు లేదు. సీసపు బరువులను, ఊపిరిని నిగ్రహించు నేర్పును నమ్ముకొని దిగెడివారు. మెడకు తగిలించుకొను గాలిసంచి 1960 దశకమునందును, చేతులు దూర్చి తొడుగుకొను జాకెట్టు 1970 దశకమునందును వాడుకకు వచ్చినవి. స్త్రీలు ఈ విద్యలో వెనుకబడి యుండలేదు. కూస్తో సతీమణి సిమోన్ తొలినాళ్ళలోనే ఆ పరికరముతో సముద్రములో దిగినది. 1970లో సిల్వియా ఎర్ల్ నాయకత్వమున అయిదుగురు స్త్రీలు వర్జిన్ దీవులకడ నీటి అడుగున నిర్మించిన గృహమందు రెండు వారములు నివసించి పరిశోధనలు సాగించిరి. స్త్రీల శరీరమున కనువైన జాకెట్లు మాత్రము చాల ఆలస్యముగా అంగళ్ళలోనికి వచ్చినవి.

ఇప్పుడు దొరకు జాకెట్లు ముఖ్యముగా మూడు విధములు. మొదటిదానిలో గాలిసంచి వీపునుండి ప్రక్కలవరకు చుట్టియుండును. నీటిపైన తేలునప్పుడు ఇది మనిషిని నిలువుగా, సుఖముగా ఉంచును. కాని నిండుగా నింపినచో ప్రక్కటెముకలను పిండును. రెండవదానిలో గాలి అంతయు వీపు వెనుకనే చేరును. ఱొమ్మునకు స్వేచ్ఛ కలుగును. నీటిలో చేపవలె అడ్డముగా సాగుట సులభమగును. కాని నీటిపైన ఎక్కువగా నింపినచో ముఖమును ముందునకు వంచును. కొంచెము వెనుకకు వాలి, కావలసినంత గాలినే నింపినచో ఈ బాధ తగ్గును. మూడవది లోహపు పలకకు గాలిసంచిని, పటకాలను బిగించినది. ఒకసారి కష్టపడి సరిచేసికొన్నచో ఎట్టి శరీరమునకైనను ఇముడును. ఉక్కు పలకయే రెండు మూడు కిలోల బరువుండుటచే నడుమున కట్టు సీసము తగ్గును. అయితే ఒడ్డున మోయుట కొంత శ్రమ.

జాకెట్టు ఎట్టిదైనను పరీక్షింపవలసిన స్థానములు నాలుగు. ఒకటి, భుజపు పటకాలు. పురుషుల జాకెట్లలో ఇవి తిన్నగా దిగి ఱొమ్ముపై ఒరయును. స్త్రీలకై చేసినవానిలో వెలుపలికి వంపు తిరిగి ప్రక్కలకు చేరును. రెండు, నిడివి. వీపుభాగము పొట్టిగా నున్నవారికి పొడవైన జాకెట్టు తగదు. నడుమున ఉండవలసిన పట్టీ తుంటిపైకి జారును. సిలిండరు క్రిందిభాగము పిరుదులకు తగులును. మూడు, నడుముపట్టీ. బరువును మోయవలసినది ఇదియే. పూర్తిగా బిగించిన తరువాతకూడ బిగించుటకు చోటు మిగిలియుండవలెను. లేనిచో నీటిపైన గాలి నింపగానే జాకెట్టు పైకి ప్రాకి గడ్డమును నెట్టును. నాలుగు, ఱొమ్ము పట్టీ. దీనిని పైకి క్రిందికి జరుపుకొను వీలుండవలెను.

అంగడిలో పరీక్షించు విధ మేమనగా: నీటిలో ధరించు దుస్తులమీదనే జాకెట్టు తొడుగుకొనవలెను. పట్టీలన్నియు బిగించి, అదనపు గాలి తనంతట వెలికి పోవు కవాటము విడివడునంతవరకు సంచిని నింపవలెను. అప్పుడు గుండె నిండ ఊపిరి పీల్చి చూడుడు. నిండుగా అందనిచో ఆ జాకెట్టు ఎంత అందముగా ఉన్నను ప్రక్కన పెట్టుడు. నీటిలో ఊపిరి బిగబట్టినట్లయినచో భయము పుట్టును. భయముచే శ్వాస వేగమగును. గాలి త్వరగా ఖర్చగును. పిమ్మట సిలిండరును తగిలించుకొని తల వెనుకకు వంచి చూడుడు. చేతులు చాపి చూడుడు. గాలి వదలు త్రాళ్ళు, బరువులను విడుచు పిడులు చూడకయే చేతి కందవలెను. పొడవు జడ గలవారు దానిని ముడిచి కట్టుకొనుట మేలు. లేనిచో కవాటమునకో పట్టీకో చిక్కుకొనును.

సంచి ఎంత పెద్దదైన అంత మంచిదనుట పొరపాటు. మన వెచ్చని సముద్రములలో పలుచని దుస్తులతో ఒక్క సిలిండరు మోయువారికి చిన్న సంచియే చాలును. పెద్దది నీటిలో ఈడ్చును. అంతకంటె ముఖ్యము సీసపు బరువును సరిచూచుకొనుట. సిలిండరు దాదాపు ఖాళీ అయినప్పుడు, జాకెట్టులో గాలి లేకుండ, మామూలుగా ఊపిరి పట్టి నిలువుగా నున్నచో నీరు కంటిమట్టమునకు రావలెను. ఊపిరి విడువగానే మెల్లగా దిగవలెను. అధికమైన సీసము కట్టినవారు అధికమైన గాలి నింపుదురు. అప్పుడు మంచి జాకెట్టుకూడ బిగువగును. కాళ్ళు క్రిందికి లాగుచున్నచో కొంత బరువును సిలిండరు పట్టీకడకు మార్చుకొనవలెను.

ఒక హెచ్చరిక అవసరము. ఇది ప్రాణరక్షక కవచము కాదు. స్మృతి తప్పినవారి ముఖము నీటిపైన ఉండునట్లు త్రిప్పునని నమ్మరాదు. వేగముగా పైకి వచ్చుటకు దీనిని నింపుట ప్రమాదకరము. పైకి వచ్చినకొలది లోపలి గాలి వ్యాకోచించి మనిషిని మరింత వేగముగా నెట్టును. ఆ సమయమున ఊపిరి బిగబట్టినచో ఊపిరితిత్తులు చీలవచ్చును. కావున శిక్షకుని వద్ద నేర్చినగాని దిగరాదు. గర్భవతులు ఈ క్రీడను పూర్తిగా మానవలెను.

మునిగివచ్చిన ప్రతిసారియు జాకెట్టును మంచినీటితో లోపల, వెలుపల కడిగి, కొంచెము గాలి నింపి నీడన ఆరవేయవలెను. ఉప్పు గడ్డకట్టినచో మీటలు ఇరుకుకొనును.

విశాఖపట్టణము ఋషికొండ తీరమునను, అండమాను దీవులలోను ఈ విద్య నేర్పువారు కలరు. స్వంతముగా కొనవలసిన పని లేదు; అద్దెకు దొరకును. అయితే ముందురోజుననే వెళ్ళి, ‘స్త్రీల కొలతవి కలవా? ఒకటి తొడుగుకొని చూడవచ్చునా?’ అని అడుగుడు. పడవ బయలుదేరిన తరువాత జాకెట్టును మార్చుట కుదరదు.