కొత్త కారుకు జాబ్ కార్డే సాక్షి

2009 సెప్టెంబరు 25న జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే సంస్థ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులు తిరక్కుండానే, 29న, బండిలో పెద్ద లోపం బయటపడింది. వర్క్‌షాపుకి వెళ్ళి వచ్చాక నవంబరు 13న మళ్ళీ అదే తంతు. మూడు రోజులాగి వాళ్ళు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి మోసం కేసు పెట్టారు. 2012 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ క్రిమినల్ కేసు నిలవదని కొట్టేసింది. అయితే పాత కారు తీసుకుని కొత్తది ఇవ్వమని కంపెనీకి చెప్పింది. కంపెనీ సరేనంది. కొన్నవాళ్ళు మాత్రం కారొద్దు, మా డబ్బు వడ్డీతో ఇప్పించండన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళి, 2024 జులై 10న తెమిలింది. 50 లక్షలు చెల్లించి దీన్నింతటితో ముగించమని కోర్టు కంపెనీని ఆదేశించింది.

నాలుగు రోజుల కారుకి దాదాపు పదిహేనేళ్ళ వ్యాజ్యం! 7 సిరీస్ కొనగలిగిన సంస్థ కాబట్టి అన్నాళ్ళు నిలబడింది. పీఎఫ్ డబ్బు డౌన్‌పేమెంట్‌గా కట్టి, ఏడేళ్ళ ఈఎంఐకి సంతకం పెట్టిన ఉద్యోగి సంగతేమిటి? సొంత ట్యాక్సీ తిప్పుకుందామని అప్పు చేసిన కుర్రాడి సంగతేమిటి?

ఆ కేసులో గమనించాల్సింది ఇంకోటుంది. కారు చెడిపోగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది స్టేషనే. షోరూమ్ వాడు మోసం చేశాడన్న మంట అలాంటిది. కానీ చట్టం దృష్టిలో మోసమంటే అమ్మేటప్పుడే ముంచాలన్న దురుద్దేశం ఉండాలి. బండిలో లోపం ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. దానికి వినియోగదారుల కమిషన్ వేరే ఉంది. అక్కడ ఉద్దేశాలతో పని లేదు. వస్తువులో లోపం ఉందా లేదా అన్నదే లెక్క. ఉందని చూపించడంలోనే చిక్కంతా.

కౌంటర్ దగ్గరే సగం కేసు

వీగిపోయిన కార్ల కేసుల తీర్పులు చదువుతుంటే ఒకే ముక్క రకరకాల మాటల్లో ఎదురవుతుంది. తయారీ లోపాన్ని ఫిర్యాదుదారు రుజువు చేసుకోలేకపోయారు అని. ఆ రుజువు కోర్టులో పుట్టేది కాదు. సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద, అడ్వైజర్ రాసే జాబ్ కార్డులో పుడుతుంది. పుట్టకపోతే అక్కడే పుట్టకుండా పోతుంది.

ఆ కౌంటర్ దగ్గర జరిగేది తెలియనిదేం కాదు. బండి మూడో గేర్లో వణుకుతోందని మీరు చెబుతారు. "కొత్త బండి కదండీ సార్, సెట్ అవుతుంది. ఓ వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి" అంటాడు అడ్వైజర్. మర్యాదగానే అంటాడు. చేతిలో ట్యాబ్, వెనక మరో పదిమంది. మీరు చెప్పిన నాలుగు వాక్యాలూ అతని స్క్రీన్ మీద 'జనరల్ చెకప్' అన్న రెండు మాటలవుతాయి. సాయంత్రం బండి కడిగి, తళతళలాడుతూ ఇస్తారు. "రోడ్ టెస్ట్ చేశాం సార్, ఏ ప్రాబ్లమూ లేదు." బిల్లు సున్నా. సంతోషంగా సంతకం పెట్టి గేట్ పాస్ తీసుకుంటారు. మర్నాడు ఉదయం మూడో గేర్లో మళ్ళీ అదే వణుకు.

ఇలా అయిదుసార్లు జరిగిందనుకోండి. మీ లెక్కన ఒకే జబ్బుకి అయిదుసార్లు ఆస్పత్రిలో చేరినట్టు. కాగితాల లెక్కన అయిదు జనరల్ చెకప్‌లు, అయిదు సంతృప్తి సంతకాలు. ఇవి కాక ఫోనొకటి వస్తుంది. "సార్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది ఇవ్వండి. తగ్గితే మాకు ఇన్సెంటివ్ కట్ అవుతుంది." పాపం అనిపించి పది ఇస్తాం. ఆ పది మార్కులే రేపు కంపెనీ వకీలు చేతిలో కాగితమై కమిషన్ ముందుకు రావచ్చు. అబ్బాయి మీద జాలిపడండి, తప్పులేదు. మార్కులు మాత్రం బండికి వేయండి.

అందుకే బండి అప్పగించే ముందు జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లో ఉందో లేదో చూసుకోవాలి. ఏ వేగంలో, ఏ గేర్లో, ఏసీ వేసినప్పుడా ఆపినప్పుడా, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదలైందన్నవి అందులో ఉండాలి. రాయనంటే ఆ కౌంటర్ దగ్గరే నిలబడి అదే విషయాన్ని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ చేయండి. తిరిగి తీసుకునేటప్పుడు లోపం పోలేదనిపిస్తే సంతకం పక్కన 'సమస్య అలాగే ఉంది' అని రాయడానికి మొహమాటపడొద్దు. బండి ఎన్ని రోజులు వర్క్‌షాపులో ఉందో తేదీలతో సహా దాచుకోండి. వాట్సాప్ సంభాషణలు చెరిపేయకండి.

బ్రేకు, స్టీరింగు, ఇంధనం కారడం లాంటి ప్రాణాల మీదికొచ్చే లోపమైతే బండి తిప్పడం ఆపేయాలి. అలా ఆపేశామని కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. ప్రాణం సంగతి సరే, కేసు కోణంలోనూ ఇది ముఖ్యమే. "లోపమున్న బండైతే ఇన్ని వేల కిలోమీటర్లు ఎలా తిరిగింది?" అన్నది కంపెనీల పాత వాదన. దాన్ని ఒప్పుకున్న కమిషన్లూ ఉన్నాయి.

తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్

కారు మార్చి ఇవ్వమని కమిషన్ చెప్పడం తేలిక కాదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. వారంటీలో చెడిన విడిభాగాన్ని మారుస్తామని ఉంటే భాగాన్నే మార్చాలి, ఏకంగా బండినే మార్చమనడం కుదరదు అంది. ఇవాళ్టికీ కంపెనీలకు ఆ తీర్పు పెట్టని కోట.

2022 ఏప్రిల్ 20న వచ్చిన తీర్పు గాలి కొంత మళ్ళించింది. 2015లో క్రెటా కొన్న ఢిల్లీ వ్యక్తి 2017 నవంబరులో ఢిల్లీ - పానిపట్ హైవే మీద ప్రమాదానికి గురయ్యాడు. ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తలకు, ఛాతీకి, పళ్ళకు దెబ్బలు తగిలాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సినంత బలంగా ముందువైపు గుద్దుకోలేదని హ్యుందాయ్ వాదించింది. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు. 3 లక్షల పరిహారంతో పాటు బండి మార్చి ఇవ్వమంది. సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కారు కొనేవాడు భౌతికశాస్త్ర నిపుణుడు కావాలా అన్నది కోర్టు మాటల సారాంశం. ముందుభాగం అంత నుజ్జయినా బ్యాగు తెరుచుకోకపోతే లోపం తనంతట తానే మాట్లాడుతుంది.

ఇలాంటి ప్రమాదం జరిగితే చాలామంది చేసే పని, ఇన్సూరెన్స్ వాళ్ళు త్వరపెట్టారని వెంటనే రిపేరుకి ఇచ్చేయడం. దాంతో సాక్ష్యం తుక్కులో కలుస్తుంది. బండిని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌ని మార్చొద్దని వర్క్‌షాపుకి రాసివ్వాలి. సీటు బెల్టు పెట్టుకున్నారా అన్న ప్రశ్నా తప్పకుండా వస్తుంది. ముందు బంపర్‌కి బిగించే ఇనుప బుల్ బార్ల సంగతి మరీ దారుణం. వాటిని కేంద్రం 2017 డిసెంబరులోనే కూడదంది. సెన్సర్లకు తగలాల్సిన దెబ్బని అవి మింగేస్తాయి, కంపెనీకేమో తప్పించుకునే దారి దొరుకుతుంది. అయినా మన ఊళ్ళలో యాక్సెసరీల షాపుల ముందు అవి వేలాడుతూనే ఉంటాయి.

మనకు లేని లెక్క

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళని అడిగితే అక్కడి పద్ధతి చెబుతారు. కొన్న పద్దెనిమిది నెలల్లో, లేదా 18 వేల మైళ్ళలో, ఏది ముందైతే అది, ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా పోకపోతే కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చేసినట్టే చట్టం భావిస్తుంది. ప్రాణాపాయం తెచ్చే లోపమైతే రెండుసార్లు చాలు. మొత్తమ్మీద ముప్ఫై రోజులకు మించి బండి షెడ్డులో ఉన్నా అంతే. ఆపైన డబ్బు వాపసో, వేరే బండో ఇవ్వాలి. కేసు గెలిస్తే వకీలు ఫీజూ కంపెనీదే.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం చిన్నదేమీ కాదు. తయారీలోనో డిజైన్‌లోనో లోపం వల్ల హాని జరిగితే తయారీదారే బాధ్యుడని మొదటిసారి ఒక అధ్యాయమే పెట్టింది. కానీ 'ఇన్నిసార్లు' అన్న అంకె ఎక్కడా లేదు. అయిదోసారీ "తీసుకురండి సార్, చూద్దాం" అనే వెసులుబాటు సర్వీస్ సెంటర్‌కి ఉంది. ఆ అంకె ఒకటి రాయించుకోగలిగితే సగం కేసులు కమిషన్ గుమ్మం ఎక్కకుండానే తెములుతాయని నా నమ్మకం. కంపెనీలకూ అది నష్టమేం కాదు, వకీళ్ళకే కాస్త గిరాకీ తగ్గుతుంది.

అంకె లేదు గనక నిపుణుడి నివేదిక కావాల్సి వస్తోంది. చూడగానే తేలని లోపమైతే కమిషన్ వస్తువుని తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించవచ్చు. చట్టం దీనికి 45 రోజులు గడువిచ్చింది. ఖర్చు ముందు ఫిర్యాదుదారే కట్టాలి. ప్రైవేటు మెకానిక్‌తో రాయించుకున్న కాగితం మీదే ఆధారపడటం కన్నా, ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ అధ్యాపకుడినో, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌నో పంపమని కమిషన్‌నే అడగడం మేలు. డబ్బులిచ్చి తెప్పించుకున్న అభిప్రాయమని అవతలివాళ్ళు కొట్టిపారేసే వీలుండదు.

ఎక్కడ, ఎవరి మీద

కేసు వేయడానికి హైదరాబాదో చెన్నయో పరుగెత్తక్కర్లేదు. మీరున్న జిల్లాలో, లేదా ఉద్యోగం చేస్తున్న చోటే వేయొచ్చు. కట్టిన ధర 50 లక్షల్లోపైతే జిల్లా కమిషన్ చాలు. ఫీజు 5 లక్షల వరకు అసలు లేదు, 10 నుంచి 20 లక్షల కారుకి 400 రూపాయలు. కారణం పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి. ఈ రెండేళ్ళ గడువే చాలామందిని ముంచేది. "చూద్దాం సార్" అన్న మాట నమ్మి ఆగినవాళ్ళకి క్యాలెండర్ ఆగదు. ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. చిన్న తగాదాలు అక్కడే తేలేవీ ఉన్నాయి. అయితే ఆ ఫోను కేసుతో సమానం కాదు.

డీలర్, తయారీదారు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. గోవాలో 2009 మోడల్ కారుని 2011లో కొత్తదిగా అంటగట్టారన్న కేసులో, డీలర్ చేసిన పనితో తయారీదారుకి సంబంధం ఉందని చూపనిదే అతన్ని బాధ్యుడిని చేయలేమని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. ఎవరి తప్పేమిటో ఫిర్యాదులో విడివిడిగా రాయకపోతే ఇద్దరూ ఒకరినొకరు చూపించి తప్పుకుంటారు. డెలివరీ రోజున పూలదండ, కేకు, ఫోటోల హడావుడిలో ఎవరూ చూడని ఫారం 21, ఫారం 22 ఇక్కడ పనికొస్తాయి. మొదటిది అమ్మకపు పత్రం, రెండోది బండి రోడ్డుకి తగినదని తయారీదారు ఇచ్చే ధ్రువపత్రం. తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు కాగితం మీదా బండి మీదా ఒకటేనా అని పూజకి ముందే చూసుకోవాలి.

వ్యాపారానికి కొంటే వినియోగదారు కాదంటారు కదా అన్న అనుమానం ట్యాక్సీవాళ్ళకి ఉంటుంది. సొంతంగా నడుపుకుని పొట్టపోసుకోవడానికి కొన్నవాడు వినియోగదారే. డైరెక్టర్ సొంత వాడకానికి కంపెనీ పేరిట కొన్న కారుకీ ఈ రక్షణ వర్తిస్తుందని 2024 జులైలో మెర్సిడెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చేతులు మారిన కార్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బోలెడన్ని వాహనాలు మునిగాయి. అలా మునిగిన బండి కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి ఎక్కడో వేరే ఊళ్ళో అమ్మకానికి నిలబెడితే పైపైన కనిపెట్టడం కష్టం. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ మీద బురద చార ఉండిపోతుంది. కార్పెట్ ఎత్తితే వచ్చే ముక్క వాసన, సీటు పట్టాల బోల్టుల తుప్పు కూడా అమ్మేవాడు చెప్పని కథ చెబుతాయి. నీరు తగిలిన వైరింగ్ ఆరునెలల తర్వాతైనా మొరాయించవచ్చు. అది ఎయిర్‌బ్యాగ్ వైరింగే కావచ్చు.

పాత కార్లకి ఇంకో ముప్పు రీకాల్. లోపం తెలిశాక కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం మనదేశంలో 2012 నుంచి స్వచ్ఛందంగా సాగుతోంది. 2019 సవరణతో, ప్రమాదకరమైన లోపముంటే వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్ళలోపు బండ్లకి వర్తిస్తాయి. మాట వినని కంపెనీకి 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా.

వీటన్నిటిలోకీ పెద్దది తకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం. ఆ జపాన్ కంపెనీ గాలి నింపే పరికరంలో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ళ తరబడి వేడికి, తేమకి అది పాడై, ప్రమాద సమయంలో డబ్బా పగిలి లోహపు ముక్కలు ముఖం మీదికి దూసుకొచ్చాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల పరికరాలు వెనక్కి పిలిచారు. మనదేశంలోనూ హోండాతో సహా పలు కంపెనీలు పిలిచాయి. వేడీ తేమా అంటే మన కోస్తాకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రీకాల్ కబురు కంపెనీ రికార్డుల్లో ఉన్న ఫోన్ నంబరుకే వెళుతుంది. బండి రెండు చేతులు మారి మీ దగ్గరికొచ్చినా ఆ నంబరు మొదటి యజమానిదే కావచ్చు. "అది ఎప్పుడో అమ్మేశానండీ" అని ఆయన ఫోన్ పెట్టేస్తే ఆ బండి సంగతి అంతటితో సరి. కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబరు కొడితే మీ బండి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. ఆ నంబరు ఆర్‌సీ మీద ఉంటుంది. ఉందని తేలితే ఎన్నో యజమానివన్నది ఎవరూ అడగరు, భాగం మార్చడానికి పైసా తీసుకోరు.