ఆగా పొయ్యి: వేడి నడిచే దారే ఆనవాలు

పాతకాలపు వంటపొయ్యి ఎవరు చేసిందో, ఎప్పటిదో తేల్చవలసి వస్తే చాలామంది ముందు పేరు పలక కోసం వెతుకుతారు. అది దొరక్కపోతే రంగు, నగిషీ చూస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. పేరు పలక ఊడిపోతుంది, ఎనామిల్ మళ్లీ వేయిస్తారు, మూత పాడైతే మరో పొయ్యిది తెచ్చి పెడతారు. నిప్పు ఎక్కడుంటుంది, గాలి ఎటునుంచి అందుతుంది, వేడి ఎక్కడ నిలుస్తుంది అన్నవి మాత్రం పోత పోసినప్పుడే ఖాయమైపోతాయి. స్వీడన్‌లో పుట్టి ఇంగ్లండ్ వంటిళ్లలో స్థిరపడిన ఆగా పొయ్యి ఇందుకు మంచి సాక్ష్యం.

మన కట్టెల పొయ్యిలో మంట నేరుగా గిన్నెకు తగులుతుంది. మంట ఆరితే వంట ఆగుతుంది. పాత ఆగాలో మంట అసలు కనిపించదు. లోపల ఉన్న చిన్న ఇనుప గుండంలో కోక్ గానీ ఆంత్రసైట్ బొగ్గు గానీ రాత్రింబవళ్లు నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. ఆ వేడిని దాని చుట్టూ ఉన్న బరువైన పోత ఇనుము తాగి దాచుకుంటుంది. దాచుకున్నది గదిలోకి పోకుండా పెట్టె గోడల నడుమ డయాటమ్ మట్టి కూరారు. నీటిలో పెరిగే సూక్ష్మజీవుల పెంకులు యుగాలపాటు పేరుకుని ఏర్పడిన మట్టి అది. దానిలోని అసంఖ్యాకమైన రంధ్రాల్లో గాలి చిక్కుకుని ఉంటుంది కనుక వేడిని సులువుగా దాటనివ్వదు. గుండానికి నేరుగా పైనున్న పలక మరిగించడానికి, పక్కనున్నది సన్నని సెగకు. వాటి మీద గుండ్రని బరువైన మూతలు. వంట లేనప్పుడు అవి మూసే ఉండాలి, లేకపోతే దాచిన వేడంతా పోతుంది. ఓవెన్‌లకు వేడి పెంచే మీట లేదు. గుండానికి ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని బట్టే ఒకటి బాగా కాగుతుంది, మరొకటి తక్కువ వేడితో ఉంటుంది.

దీన్ని రూపొందించిన గుస్తాఫ్ డాలెన్ 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందాడు. పగటి వెలుగుకు తానే ఆరి, చీకటి పడగానే తానే వెలిగే సముద్ర దీపాలకు కవాటం తయారుచేసినందుకు వచ్చిన గౌరవమది. అదే ఏడాది అసిటిలీన్ ప్రయోగంలో జరిగిన పేలుడులో చూపు పోయింది. ఇంట్లో ఉండగా భార్య పొయ్యి దగ్గర పడే అవస్థ గమనించి దీన్ని ఆలోచించాడని కథ చెబుతారు. కథ నిజమైనా సరే, పొయ్యిలో నాకు కనిపించేది ఆ దీపాల శాస్త్రమే. మనిషి చేయి పడకుండా ఇంధనాన్ని అవసరమైనంతే ఖర్చుచేయడం ఆ దీపం పని. కరెంటు లేకుండా, వేడిని బట్టి గాలిని అదుపు చేసుకోవడం ఈ పొయ్యి పని. పొయ్యికి పేటెంటు 1922లో వచ్చింది, 1929 నుంచి బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది.

అయితే వేడిని దాచుకునే ఈ సూత్రం ఆగా ఒక్కదానిదే కాదు కదా, తయారీదారును అది ఎలా పట్టిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్కాట్లండ్‌లోని స్మిత్ అండ్ వెల్‌స్టుడ్ చేసిన ఎస్సె పొయ్యిల్లోనూ వేడిని దాచుకునేవి ఉన్నాయి. సూత్రం జాతిని చెబుతుంది. వ్యక్తిని తేల్చేందుకు ఆ తర్వాతే పోత మీది అక్షరాలు, తలుపుల అమరిక చూడాలి. వరస మార్చితే పొరపాటు తప్పదు. 1946లో వచ్చిన రేబర్న్ పొయ్యి చూపుకు ఆగా తోబుట్టువులా ఉంటుంది, కానీ దాని మంటను వంట వేళకు పెంచి తర్వాత తగ్గించాలి. రంగు కూడా కొంతవరకే సాయం. 1956 దాకా ఆగా మీగడ రంగులోనే వచ్చేది, కాబట్టి నీలిది కనిపిస్తే తర్వాతిదైనా కావాలి, మళ్లీ రంగు వేసిందైనా కావాలి. ఇక చాలా పొయ్యిలను చమురుకు, గ్యాసుకు, కరెంటుకు మార్చేశారు. అందుకే అది మొదట బొగ్గుతో నడిచిందా అని తెలియడానికి బూడిద తీసే తలుపు ఉందేమో చూడాలి.

రోజంతా మండడం వృథా కాదా అన్నది మరో ఆక్షేపణ. చలిదేశంలో తప్పించుకున్న వేడి ఇంటికే పనికొస్తుంది. ఎండాకాలంలో మాత్రం ఆ ఆక్షేపణ సరైనదే.

ఇలాంటి పొయ్యి ఎవరికైనా దొరికితే ఒక్కటి కోరుతున్నాను. గుర్తించాలన్న తొందరలో దాన్ని విప్పవద్దు. లోపలి మట్టి ధూళి ఊపిరితిత్తులకు చేటు, పాత సీళ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశమూ ఉంది. ముందు బయటినుంచే గాలి తలుపు, బూడిద తలుపు, పొగగొట్టం ఎక్కడున్నాయో గీసి, ఫొటోలు తీసి, తెలిసినవారికి చూపించండి.