గుండ్లకమ్మలో కొత్త జన్మ

మద్దిపాడు మండలం వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు.

అంతకుముందు 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి కూలి పని కల్పించారు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆగమన్నారు. గంజి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల.

ఆ రోజు ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీన నీటిలో నిలిచారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ఒక్కొక్కరినీ నిండా ముంచి లేపారు. మునగడం పాత బతుకును పాతిపెట్టడానికి, లేవడం క్రీస్తుతో కొత్త బతుక్కు గుర్తు.

ఊరి బావిలో చేద వేయనివ్వని రోజులవి. నది ఎవరినీ కాదనలేదు.