వీసబడి: కడపసీమయందలి యుమ్మడి సేద్యపు జాడ

ఇంగ్లండు దేశమున మధ్యయుగములందు అనేక గ్రామముల పొలమంతయు గట్లు లేని రెండు మూఁడు విశాలక్షేత్రములుగ నుండెడిది. ప్రతి కాఁపునకు నందుఁ జెదరియున్న సన్నని పట్టెలు పాలుగ నుండెను. మన్ను నొకవైపునకే తిరుగవేయు నాఁగలితోఁ బట్టె నడుమకు మన్ను చేర్చుచు దున్నుటచే మిట్టపల్లము లేర్పడెను. తరువాతఁ బచ్చికబీళ్లుగ మాఱిన చోట్ల నవి నేఁటికిని గానవచ్చుచున్నవి. నాటింగుహాముషైరులోని లాక్స్‌టను గ్రామమున నా సేద్యపద్ధతి యిప్పటికిని నిలిచియున్నది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములతోఁ గూడిన కడపసీమయందును నిట్టి యుమ్మడి మర్యాద యొకటి యుండెను. దానికి వీసబడి యని పేరు. వీసమనఁగాఁ బదునాఱవ పాలు. 1800లో నీ సీమ నిజాము వలనఁ గుంఫిణీకి సంక్రమించెను. అప్పటి నుండి 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగ నుండిన తామస్ మన్రో యీ యాచారమును వర్ణించియున్నాఁడు. సేద్యకాలము సమీపింపఁగానే కాఁపు లందఱును సాధారణముగ దేవాలయమునఁ గూడుదురు. స్థలపవిత్రతచే నొడంబడిక కట్టు తప్పదని వారి విశ్వాసము. ఎవ్వని కెంత సేద్యపు సాధనసంపత్తి కలదో లెక్కించి, వాఁడు దున్నఁగలిగినంత భూమి వానికిఁ బంచి, శిస్తులో వాని భాగమును నిర్ణయింతురు. ఒకటి రెండు వీసముల కొప్పుకొన్నవాఁడు గ్రామపు మొత్తము శిస్తు హెచ్చినను దగ్గినను నా పాలే చెల్లింపవలెను. ఇందు హెచ్చిన భార మొక్కనిపైఁ బడదు. ఎడ్లు లేనివానికి మాత్రము పాలు చిక్కుట యరిది.

1802లో నారంభమైన మన్రో కొలత 33 అడుగుల గొలుసుతోఁ జేనుచేనును వేఱుగఁ గొలిచెను. రైతువారీ పద్ధతిని బ్రతి కాఁపును సర్కారునకు వేఱువేఱ బాధ్యుఁ డయ్యెను. దేవాలయపు టొడంబడికకుఁ బని తగ్గెను.

వీసబడి జాడ పొలములలో నేల కానరాదు? ఏటేట మాఱు పాళ్లకు స్థిరమైన హద్దు లేర్పడవు. ఇచ్చటి మడక మన్నును జీల్చునే కాని తిరుగవేయదు. గుంటక నేలను జదును చేయును. పెన్నాతీరపు నల్లరేగడి వేసవిని బీటలు వాఱి, వానకు నుబ్బి, తనపై గీతలను దానే చెఱపికొనును. కావున నింగ్లండున మన్ను దాఁచినదాని నిచ్చట మాట దాఁచినది. "వీసమెత్తు" అను పలుకుబడి లోకవ్యవహారమున నిలిచియున్నను, "వీసబడి" మఱపునఁ బడుచున్నది. వీసమునకుఁ బదునాఱవ పాలని మాత్రమే యర్థము చెప్పి విడిచినచో లెక్క మిగులును. గుడిలోఁ గూడి పొలము పంచుకొన్న గ్రామము మఱుగగును. పాత కైఫీయతులను, గ్రామలెక్కలను జదువు పండితు లీ పదమును దాని యాచారముతోఁ గూడ గ్రహింపవలయును.