మీకు తెలుసా? గుడ్డుకు ధర కట్టింది ఎవరు?

పాలకొల్లులో కిరాణా కొట్టు ముందు ముప్పై గుడ్ల అట్టలు దొంతరగా పేర్చి, పక్కన పలక మీద సుద్దతో ఆ రోజు ధర రాసి పెడతారు. ఆ అంకె వెనక ఒక తెలుగువాడి పట్టుదల ఉంది. ఆయన బండా వాసుదేవరావు. కోళ్ల రైతులకు డాక్టర్ బి.వి. రావు. 1935లో పుట్టి, 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఈనాటి ‘వెంకీస్’ సంస్థ ఆయన కుటుంబానిదే.

నా దృష్టిలో ఆయన అసలు గొప్ప పని 1982 నాటిది. అప్పటిదాకా రైతు గుడ్డుకు వెల కట్టేది వ్యాపారే. దాణా ఖర్చు కూడా రాక ఫారాలు మూతపడుతుంటే, రావుగారు ఊరూరా తిరిగి రైతులను ఒక్కతాటి మీదికి తెచ్చారు. అలా పుట్టిందే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం. పేపర్లో కనిపించే ‘నెక్’ ధర దానిదే. తణుకు చుట్టుపక్కల ఫారాలవాళ్లు తెల్లారి లేస్తే ముందు చూసుకునేది ఆ ధరే. కోడిని మేపినవాడే గుడ్డుకు వెల చెప్పగలగడం చిన్న విషయం కాదు!

రావుగారికి 1990లో పద్మశ్రీ వచ్చింది. 1996లో కన్నుమూశారు.